నడివయసులో పొడుగు జుట్టు పలచబడితే: కత్తిరింపా, మందా, సవరమా?

జడ చివర పెట్టే రబ్బరు బ్యాండ్ నాకు రెండు చుట్లకే బిగిసేది. నలభై ఆరో ఏట ఒకరోజు చూస్తే నాలుగో చుట్టు కూడా వదులుగానే ఉంది. బ్యాండ్ సాగిపోయిందేమో అనుకుని కొత్తది తీశాను. అదీ అంతే. ఆ తర్వాత ఏడాది పాటు ఎవరేం చెబితే అది చేశాను. నూనె మార్చాను, షాంపూ మార్చాను, మాత్రలు మింగాను, సవరం కొన్నాను. ఏది ఎందుకు చేస్తున్నానో తెలియకుండా చేశాను కాబట్టి ఏది పనిచేసిందో కూడా తెలియలేదు.

నలభై దాటాక పొడుగు జుట్టు పలచబడటం మొదలైతే నిజంగా ఉన్న దారులు నాలుగు. పొడవు తగ్గించుకోవడం, కుదుళ్లకి వైద్యం చేయించుకోవడం, పలచన కనబడకుండా కప్పుకోవడం, రోజూ జుట్టుని దువ్వి కట్టే తీరు మార్చుకోవడం. వీటిలో ఒకటి చేసే పని ఇంకొకటి చేయదు. కత్తిరిస్తే కొత్త వెంట్రుక మొలవదు. మందు రాస్తే చిట్లిన చివర్లు అతుక్కోవు. సవరం పెడితే పాపిడి పూడదు. అందుకే ఏది ఎంచుకోవాలో తేల్చుకునే ముందు, పలచన ఎక్కడుందో చూసుకోవాలి.

ముందు దారంతో కొలవండి

జుట్టు బాగా ఆరాక చిక్కు తీసి, మొత్తం మెడ వెనక పిడికిట్లోకి తీసుకోండి. అల్లొద్దు. ఒక తెల్ల దారం బిగుతుగా చుట్టి, రెండు కొసలూ కలిసిన చోట పెన్నుతో గుర్తు పెట్టండి. దాన్ని స్కేలు మీద పరిచి చూడండి. తర్వాత చివరి నుంచి జానెడు పైన ఇంకోసారి ఇలాగే కొలవండి. రెండు అంకెలూ తేదీ వేసి రాసిపెట్టుకోండి.

మెడ దగ్గర అంకె బాగానే ఉండి కింద బాగా తక్కువుంటే బాధ చివర్లది. మెడ దగ్గరే తగ్గుతూ వస్తుంటే బాధ కుదుళ్లది. నాకు రెండూ ఉన్నాయి.

చుట్టుకొలత 10 సెంటీమీటర్ల నుంచి 7కి వచ్చిందనుకోండి. మూడు సెంటీమీటర్లేగా అనిపిస్తుంది. కానీ కట్టలో పట్టే జుట్టు చుట్టుకొలత వర్గాన్ని బట్టి ఉంటుంది. పది పదులు 100, ఏడు ఏడులు 49. అంటే సగం పోయింది. జడ కొంచెం సన్నబడిందని మనం అనుకునే సరికే చాలా దూరం వచ్చేసి ఉంటాం.

దువ్వెనకి వచ్చిన వెంట్రుకని కూడా ఒకసారి తెల్ల కాగితం మీద పెట్టి చూడండి. ఒక కొసన గుండుసూది తలకన్నా చిన్న తెల్లటి బుడిపె ఉంటే అది కాలం తీరి కుదురు నుంచి రాలినది. బుడిపె లేకుండా రెండు కొసలూ మొండిగా ఉంటే మధ్యలో తెగినది. తెగినవే ఎక్కువుంటే మందుల జోలికి వెళ్లక్కర్లేదు, దువ్వే తీరు చూసుకోవాలి.

తలలో సుమారు లక్ష వెంట్రుకలుంటాయి. రోజుకి 50 నుంచి 100 దాకా రాలడం మామూలే. పొడుగు జుట్టుతో వచ్చే చిక్కేమిటంటే, అవే 80 వెంట్రుకలు చేతి పొడవున ఉంటే పెద్ద ఉండై కనబడి గుండె జారిపోతుంది. వారానికి రెండుసార్లే తలస్నానం చేసేవాళ్లకి మూడు రోజులవి ఒకేసారి చేతికొస్తాయి. ఉండ చూసి టెన్షన్ పడకండి, ఒక్కసారి కూర్చుని లెక్కపెట్టండి.

రాలే తీరుని బట్టి కారణం

ఉన్నట్టుండి కుచ్చులు కుచ్చులుగా రాలడం మొదలైతే రెండు మూడు నెలలు వెనక్కి వెళ్లి గుర్తు చేసుకోండి. పెద్ద జ్వరం వచ్చిందా, ఆపరేషన్ జరిగిందా, తిండి బాగా తగ్గించేసి బరువు తగ్గారా, తట్టుకోలేని కష్టం ఏమైనా వచ్చిందా? పెరగడం ఆపేసిన వెంట్రుక వెంటనే రాలదు. మూడు నెలలు కుదుట్లోనే ఉండి ఆ తర్వాత వస్తుంది. అందుకే మనం నిన్న మార్చిన షాంపూని తిట్టుకుంటాం, అసలు కారణం ఎప్పుడో అయిపోయి ఉంటుంది. ఈ రకం రాలడం, కారణం తొలగితే చాలామందికి ఆరు నెలల్లో దానంతటదే తగ్గుతుంది.

నెమ్మదిగా, ఏళ్ల తరబడి పాపిడి వెడల్పవుతూ, నడినెత్తి పలచబడుతూ, నుదుటి అంచు మాత్రం ఎక్కడిదక్కడే ఉంటే అది వేరు. పాపిడి ముందువైపు వెడల్పుగా ఉండి వెనక్కి పోనుపోను సన్నబడుతుంది. కుదుళ్లు చచ్చిపోవు, చిన్నవవుతాయి. ప్రతి విడతా మొలిచే వెంట్రుక ముందుదానికన్నా సన్నగా, పొట్టిగా వస్తుంది. లుడ్విగ్ అనే వైద్యుడు 1977లో దీన్ని మూడు దశలుగా విడగొట్టాడు, డాక్టర్లు ఇప్పటికీ ఆ లెక్కే వాడుతున్నారు. వంశంలో ఉండటం ఒక కారణం, బహిష్టులు ఆగిపోయే వయసులో ఈస్ట్రోజెన్ తగ్గడం ఇంకొకటి. ఇది దానంతటది తగ్గేది కాదు.

కణతల దగ్గర, చెవుల ముందు మాత్రమే పలచబడితే బిగించి దువ్వే అలవాటుని అనుమానించండి.

ఇక చివరిది అరుదైనదే, కానీ దీన్ని మాత్రం దాటేసి వెళ్లకండి. నుదుటి అంచు వెనక్కి జరుగుతూ, కనుబొమలు కూడా పలచబడుతూ, మాడు దురదగానో మంటగానో ఉంటే కుదుళ్లు మచ్చకట్టి పూడిపోతున్నాయేమో చూడాలి. ఎక్కువగా బహిష్టులు ఆగిన ఆడవాళ్లలో వచ్చే ఈ జబ్బుని 1994లో మొదటిసారి వైద్య పత్రికల్లో వివరించారు. పూడిన కుదురు మళ్లీ తెరుచుకోదు. ఉన్నవాటిని కాపాడుకోవడమే వైద్యం కాబట్టి, ఈ లక్షణాలుంటే మిగతా వ్యాసం చదవడం ఆపి చర్మవ్యాధుల డాక్టరు దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకోండి.

ఏ వైద్యానికైనా ముందు రక్త పరీక్ష

నాకు మొదట వెళ్లిన క్లినిక్‌లో పరీక్షలేమీ రాయకుండానే ఇంజెక్షన్ల ప్యాకేజీ రాసిచ్చారు. తర్వాత ఇంకో డాక్టరమ్మ పరీక్ష చేయిస్తే ఐరన్ నిల్వలు అడుగంటి ఉన్నాయి. బహిష్టులు ఆగిపోయే ముందు ఏళ్లలో రక్తస్రావం ఎక్కువయ్యే వాళ్లు చాలామంది. ఆ ఐరన్ లోటు జుట్టు మీద కనబడుతుంది. హిమోగ్లోబిన్ బాగానే ఉన్నా ఐరన్ నిల్వని చూపే ఫెర్రిటిన్ తక్కువ ఉండొచ్చు, కాబట్టి అది విడిగా అడిగి చేయించుకోండి. దాంతోపాటు థైరాయిడ్‌కి టీఎస్‌హెచ్, విటమిన్ డి, బి12 చూపించుకుంటే సరిపోతుంది. లోటు ఉంటే పూడ్చుకోవాలి. లేకపోతే మాత్రలు మింగి లాభం లేదు.

బయోటిన్ సంగతి ఇక్కడే చెప్పాలి. జుట్టుకని అమ్మే మాత్రల్లో చాలావాటిలో ఈ విటమినే ఉంటుంది. బయోటిన్ లోటు నిజంగా ఉన్నవాళ్లు చాలా అరుదు. పైగా ఎక్కువ మోతాదులో తీసుకుంటుంటే థైరాయిడ్ పరీక్షా, గుండెపోటు నిర్ధారణకి చేసే ట్రోపోనిన్ పరీక్షా తప్పు చూపించొచ్చని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2017లో హెచ్చరించింది. మీరు అవి వాడుతుంటే రక్తం ఇచ్చే ముందు డాక్టరుకి తప్పకుండా చెప్పండి.

మందులు: ఏది ఎవరికి

పాపిడి వెడల్పయ్యే రకానికి అన్నిటికన్నా గట్టి ఆధారం ఉన్నది మినాక్సిడిల్ ఒక్కటే. రక్తపోటు మాత్రగా వచ్చిన మందు ఇది. వాడినవాళ్లకి ఒంటి మీద వెంట్రుకలు పెరగడం చూసి జుట్టుకి తెచ్చారు. ఆడవాళ్లకి మాడుకి రాసే 2 శాతం ద్రావణాన్ని అమెరికాలో 1991లో, రోజుకొకసారి వాడే 5 శాతం నురగని 2014లో అనుమతించారు.

ఇది మొదలుపెట్టే ముందు మూడు విషయాలు మనసులో పెట్టుకోవాలి. మొదటి కొన్ని వారాల్లో జుట్టు ఇంకా ఎక్కువ రాలొచ్చు. పాత వెంట్రుక వెళ్లి కొత్తదానికి చోటిస్తోందన్నమాట, కానీ అది తెలియక చాలామంది అక్కడే మానేస్తారు. రెండోది, ఫలితం తెలియడానికి నాలుగు నుంచి ఆరు నెలలు పడుతుంది. మూడోది, మానేస్తే వచ్చింది కొన్ని నెలల్లో పోతుంది. అంటే ఇది పళ్లు తోముకోవడం లాంటి అలవాటు. అలా చేయగలనా అని నిజాయితీగా ఆలోచించుకుని మొదలుపెట్టండి. గర్భిణులు, పాలిచ్చే తల్లులు వాడకూడదు. ఇంట్లో పిల్లి ఉంటే చాలా జాగ్రత్త, అది నాకితే ప్రాణం మీదకి వస్తుంది.

నురగా, ద్రావణమా? పొట్టి జుట్టు వాళ్లకి నురగ హాయి. పొడుగు జుట్టులో మాత్రం అది మాడుకి చేరేలోపే వెంట్రుకలకి అంటుకుపోతుంది. నాకు డ్రాపర్ ఉన్న ద్రావణమే కుదిరింది. జుట్టు ఆరాక పాపిడి తీసి ఒక వరస, వేలెడు పక్కకి జరిపి ఇంకో పాపిడి తీసి ఇంకో వరస. ఇలా నడినెత్తంతా నాలుగైదు వరసలు. పడుకోవడానికి రెండు గంటల ముందే రాసేయాలి. లేకపోతే దిండుకి అంటి ముఖానికి చేరి, అక్కడ నూగు మొలుస్తుంది. ద్రావణంలో ఉండే ప్రొపిలిన్ గ్లైకాల్ పడక కొందరికి మాడు దురదపెడుతుంది. వాళ్లకి నురగే దిక్కు, కాకపోతే జుట్టుని పాయలుగా విడదీసుకుని ఓపిగ్గా రాయాలి.

పొడుగు జుట్టుతో రోజూ ఈ రాత కుదరదనుకునే వాళ్లకి డాక్టర్లు ఇప్పుడు తక్కువ మోతాదు మినాక్సిడిల్ మాత్ర రాస్తున్నారు. జుట్టుకోసమని దానికి విడిగా అనుమతి లేదు, డాక్టరు తన విచక్షణతో ఇచ్చేది. ముఖం మీదా చేతుల మీదా వెంట్రుకలు, కాళ్ల వాపు, గుండెదడ రావొచ్చు. బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్లు సొంతంగా తలపెట్టకూడదు. మగ హార్మోన్ల పనిని అడ్డుకునే స్పైరోనోలాక్టోన్ మాత్ర కూడా ఇలాగే డాక్టరు చేతి మందే. పొటాషియం చూసుకుంటూ ఉండాలి, గర్భం వచ్చే అవకాశం ఉన్నవాళ్లకి పనికిరాదు.

మన రక్తాన్నే యంత్రంలో తిప్పి, ప్లేట్‌లెట్లు ఎక్కువున్న భాగాన్ని మాడులో ఎక్కించే పీఆర్‌పీ కొందరికి మేలు చేస్తోంది. కానీ ఒక్కో చోట ఒక్కో పద్ధతిలో చేస్తారు, ఫలితాలూ అలాగే ఉంటాయి. నేనైతే దాన్ని మొదటి మెట్టుగా ఎంచుకోను. మినాక్సిడిల్ ఏడాది వాడాక, డాక్టరు ఇంకొంచెం సాయం కావాలంటే అప్పుడు. జుట్టు పెరగడానికని అమ్మే లేజర్ టోపీల్లో వెలుగు మాడుకి తగలాలి, పొడుగు జుట్టు దానికి గొడుగు పడుతుంది. అవి కావాలంటే పాపిడి తీసే దువ్వెన రకం నయం. జుట్టు నాటడం గురించి అడిగేవాళ్లకి ఒక్క మాట. వెనకనుంచి తీసి ముందు నాటాలి. తలంతా పలచబడిన వాళ్లకి వెనక కూడా గట్టి జుట్టు ఉండదు, తీసేందుకు ఏమీ మిగలదు.

నూనె కుదుళ్లని పెంచదు. ఇది రాయడానికి నాకే కష్టంగా ఉంది, ఎందుకంటే తలకి నూనె రాయించుకోవడం కన్నా హాయి ఇంకోటి లేదు. కొబ్బరి నూనె వెంట్రుక లోపలికి ఇంకి, కడిగేటప్పుడు ప్రొటీన్ పోకుండా కొంత కాపాడుతుంది. అంటే చివర్లకి మంచిది. తలస్నానానికి ముందు చివర్లకి రాయండి. చుండ్రు ఉన్న మాడుకి రాసి రోజుల తరబడి ఉంచకండి.

కత్తిరింపు: ఎంత, ఎలా

జుట్టు నెలకి సుమారు 1.25 సెంటీమీటర్లు పెరుగుతుంది, ఏడాదికి 15. నడుము దాకా 75 సెంటీమీటర్లున్న జడ చివర అయిదేళ్ల కిందటిది. ఈరోజు కుదుట్లో జరిగిన మంచి అక్కడికి చేరడానికి ఇంకో అయిదేళ్లు పడుతుంది. పైగా వయసుతో వెంట్రుక పెరిగే కాలమే తగ్గుతుంది. అయిదేళ్లు పెరిగే వెంట్రుక మూడేళ్లకే ఆగిపోతే 45 సెంటీమీటర్లు దాటదు. జడ కిందకి పోనుపోను ఎలకతోకలా అవడానికి సగం కారణం ఇదే, కిందిదాకా చేరే వెంట్రుకలే తక్కువ.

కాబట్టి చివర్లు సన్నగా ఉన్నవాళ్లకి అన్నిటికన్నా త్వరగా తేడా చూపించేది కత్తెరే. ఎంత తీయాలో జడే చెబుతుంది. అల్లిన జడని పైనుంచి బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టుకుని కిందకి జారుస్తూ రండి. ఒకచోట వేళ్లు ఉన్నట్టుండి దగ్గరకి వచ్చేస్తాయి. కత్తిరింపు అక్కడ. చాలామందికి అది వీపు మధ్యలోనో, భుజాల ఎముకల కిందో వస్తుంది. మనసొప్పకపోతే సగం ఇప్పుడు, సగం రెండు నెలల తర్వాత. నేనూ అలాగే చేశాను. మొదటిసారి కత్తెర పడినప్పుడు ఏడుపొచ్చింది. రెండోసారి రాలేదు.

చివర్లు సూటిగా, ఒకే వరసలో కత్తిరించమనండి. లేయర్లు తీస్తే ఒత్తుగా కనబడుతుందని పార్లర్లలో అంటుంటారు. భుజాల దాకా ఉండే జుట్టుకి అది కొంత నిజమే. పొడుగ్గా ఉంచుకోవాలనుకునే పలచటి జుట్టుకి మాత్రం లేయర్లు చివర్లని ఇంకా పీల్చేస్తాయి. కావాలంటే ముఖం పక్కన రెండు పాయలు పొట్టిగా తీయించుకోండి, అంతవరకే.

కురచగా కత్తిరించేస్తే జుట్టు ఒత్తుగా పెరుగుతుందన్న మాట నమ్మకండి. అయితే బరువు తగ్గి, మాడు దగ్గర అణిగిపోయిన జుట్టు లేచి నిలబడుతుంది. పాపిడి కాస్త తక్కువ కనబడేది అందుకే.

కప్పుకోవడం: సవరం కన్నా పౌడరు నయం

పాపిడి దగ్గర తెల్లగా కనబడే మాడుకి జుట్టు రంగు పౌడరు అద్దుకోవడం అన్నిటికన్నా తేలిక. జుట్టుకి హాని లేదు, కడిగితే పోతుంది. కెరాటిన్ పొడి ఇంకా సహజంగా ఉంటుంది. అది ఉన్న వెంట్రుకలకి అంటుకుని వాటిని లావుగా చూపిస్తుంది కాబట్టి, అసలు వెంట్రుకే లేని చోట నిలవదు. చెమట ఎక్కువ పట్టేవాళ్లకి నుదుటి మీదకి కారుతుంది. నల్లటి రంగు మాడుకీ జుట్టుకీ మధ్య తేడాని పెంచుతుందని కూడా గుర్తుంచుకోండి. తెల్లజుట్టుకి రంగు వేసేవాళ్లు ఒక మెట్టు తేలిక రంగుకి వస్తే పాపిడి అంతగా బయటపడదు. బ్లీచ్ మాత్రం వద్దు, అది వెంట్రుకని పెళుసు చేస్తుంది.

సవరం జడని లావు చేస్తుంది, కానీ ఆ బరువంతా ఉన్న జుట్టే మోయాలి. నడినెత్తి పలచబడే రకంలో మెడ దగ్గరి జుట్టు సాధారణంగా గట్టిగానే ఉంటుంది. అందుకని ఏ పెళ్లికో నాలుగు గంటలు తేలికైన సవరం పెట్టుకుంటే నష్టం లేదు. రోజూ వద్దు. నేను మూడు నెలలు రోజూ పెట్టాను, మెడ దగ్గర పొక్కులొచ్చినట్టు నొప్పి. ఆ నొప్పి కుదుళ్లు లాగుతున్నాయని చెప్పడమే. జిగురుతోనో అల్లికతోనో వారాల తరబడి తల మీదే ఉండే ఎక్స్‌టెన్షన్లు ఇంకా చేటు. పలచబడుతున్న తలకి అవి వద్దనే చెబుతాను. నడినెత్తి మీద క్లిప్పులతో పెట్టే చిన్న విగ్గు, అంటే టాపర్, వాటికన్నా చాలా మేలు. క్లిప్పు రోజూ ఒకేచోట పడకుండా చూసుకుని, రాత్రి తీసేయాలి.

రోజూ దువ్వే తీరు

ఇది ఏ దారి ఎంచుకున్నా చేయాల్సిందే. తడి జుట్టు సాగి తెగుతుంది కాబట్టి ఆరేదాకా దువ్వెన పెట్టకండి, లేదంటే కండిషనర్ ఉండగానే వెడల్పు పళ్ల దువ్వెనతో చిక్కు తీసుకోండి. చిక్కు తీయడం చివర్ల నుంచి మొదలుపెట్టి పైకి రావాలి. జడ వదులుగా, ముడి తక్కువ ఎత్తులో. పాపిడి వారానికోసారి అటూ ఇటూ మార్చండి. జడ విప్పగానే మాడుకి హాయిగా అనిపించిందంటే అప్పటిదాకా బిగుతుగా ఉందనే.

మరి ఏది ఎంచుకోవాలి

చివర్లు మాత్రమే సన్నగా ఉంటే కత్తిరింపు, దువ్వే తీరు మార్చడం. మందు అక్కర్లేదు.

జ్వరం తర్వాతో ఆపరేషన్ తర్వాతో ఉన్నట్టుండి రాలుతుంటే రక్త పరీక్ష, మంచి తిండి, ఆరు నెలల ఓపిక. ఆ ఆరు నెలల్లో పొడవు గురించి ఏ నిర్ణయమూ తీసుకోకండి. భయంలో కత్తిరించుకుని తర్వాత బాధపడ్డవాళ్లు నాకు తెలుసు.

పాపిడి వెడల్పవుతుంటే డాక్టరుని కలిసి మినాక్సిడిల్ మొదలుపెట్టడం, అది పనిచేసే దాకా పౌడరు. చివర్లు కూడా సన్నగా ఉంటే అదే నెలలో కత్తిరింపు కూడా. ఇందులో వాయిదా వేస్తే నష్టం, ఎందుకంటే చిన్నబడిన కుదురుని పెద్దది చేయడం కన్నా ఉన్నదాన్ని అలాగే నిలబెట్టడం సులువు.

రోజూ మందు రాయడం నా వల్ల కాదనుకుంటే అది కూడా సరైన నిర్ణయమే. అప్పుడు భుజాల దాకా సూటి కత్తిరింపు, తేలిక రంగు, పౌడరు లేదా టాపర్ కలిస్తే చాలా బాగుంటుంది.

ఏది మొదలుపెట్టినా మూడు నెలలకొకసారి అదే కిటికీ దగ్గర, అదే వేళకి పాపిడి ఫొటో తీయండి, మెడ దగ్గర దారం కొలత రాయండి. కత్తిరించుకున్నా మెడ దగ్గరి కొలత మారదు కాబట్టి లెక్క తప్పదు. నాది మొదట 6.8 సెంటీమీటర్లు. ఐరన్ సరిచేసుకుని, మందు రాస్తూ పద్నాలుగు నెలలయ్యాక ఇప్పుడు 7.3. అద్దంలో ఆ తేడా నాకింకా కనబడదు. ఆ దారాలు రెండూ పక్కపక్కన పెట్టి చూసుకుంటాను.